అంతా మామూలేనండి

మా పుట్టింట్లో మామూలు అంటే కందిపప్పు, చారు, ఏదో ఒక వేపుడు. మా నాన్నగారు బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ "ఇవాళేంటి?" అని అడిగితే, అమ్మ వంటింట్లోంచి "ఏముంది, మామూలే" అనేది. ఆ మాటకు నేను నేర్చుకున్న మొదటి అర్థం అదే. రెండో అర్థం తలకెక్కేసరికి నాకు నలభై దాటాయి. ఒక పత్తి సీజనంతా గడిచిపోయింది, ఉద్యోగం ఊడినంత పనైంది.

తూనికలు, కొలతల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఈమధ్య నన్ను చూడ్డానికి వస్తున్నారు. "మేడం, లంచం ఇవ్వబోతుంటే ఎలా కనిపెట్టాలి?" అని అడుగుతున్నారు. ట్రైనింగులో వాళ్లకు కవర్లు, బల్ల కింద చేతులు, ఆ బొమ్మలన్నీ చూపించారట. ఓరి నాయనో! నాకు సర్వీసంతా ఒక్కరూ కవరు ఇవ్వలేదర్రా. ఒకాయన ఒక మాట అన్నాడు, నేను తిరిగి ఒక మాట అన్నాను. నా కొంప ముంచడానికి ఆ రెండు మాటలూ చాలాయి. అందుకే ఆ సంగతి రాసిపెడుతున్నాను. చదివి నవ్వుకోండి, కానీ నవ్వాక కాస్త ఆలోచించండి.

ఫీల్డుకు రాకముందు చాలా ఏళ్లు నేను లేబొరేటరీలో పనిచేశాను. తలుపులు బిగించిన గదిలో కూర్చుని తూకపు రాళ్ల బరువు సరిచూడటమే పని. రాళ్లతో ఒక సుఖం ఉంది. అవి మాట్లాడవు, టీ తాగమని బలవంతం చేయవు, నలుగురిని వెంటబెట్టుకుని సన్మానానికి రావు. అలాంటిదాన్ని ఇన్‌స్పెక్టర్‌గా తీసుకెళ్లి అద్దంకికి అవతల, పత్తి, మిరప తప్ప మరో ముచ్చట లేని ఒక ఊళ్లో వేశారు. ఊరి పేరు రాయను. రాస్తే నా మీద కేసు వేసేంత ఓపిక ఉన్నవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఏడాదికోసారి ప్రతి కాటానీ మా రాళ్లతో పరీక్షించి సీలు వేయాలి. మధ్యమధ్యలో చెప్పకుండా వెళ్లి చూడాలి. ఆ రాళ్లు మోయడానికి ఆఫీసులో ఒక సహాయకుడు ఉండేవాడు. పొన్నూరు మనిషి, నాకంటే పెద్దవాడు, అందరూ బాబాయ్ అని పిలిచేవారు. ఇరవై కిలోల ఇనప రాయిని కొబ్బరికాయలా ఒంటి చేత్తో ఎత్తి జీపులో పెట్టేవాడు. నోరు మాత్రం ఊరికే ఉండేది కాదు.

చేరిన మొదటిరోజే పత్తి వ్యాపారుల పెద్ద నన్ను కలవడానికి వచ్చాడు. తెల్లటి చొక్కా, మెడలో కండువా, చేతిలో పళ్ల బుట్ట. పెద్దమనిషి అంటే ఇలా ఉండాలి అనిపించేలా ఉన్నాడు. వెనకే కాటాల మెకానిక్ నిలబడ్డాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో కాటాలు బాగుచేసేదీ, సీలు కోసం మా దగ్గరికి తెచ్చేదీ అతనే. బాబాయ్ తలుపు దగ్గర ఉన్నాడు.

"కొత్తగా వచ్చారు. మీకేం కావాలన్నా ఒక్క మాట చెప్పండమ్మా, మేమున్నాం" అన్నాడు పెద్దమనిషి. కాస్త ఆగి, "మరి... మన దగ్గర అంతా మామూలే కదండీ?" అని అడిగాడు.

పాపం, కొత్త ఆఫీసరు కొత్త రూల్స్ పెట్టి ప్రాణం తీస్తుందేమోనని భయపడుతున్నాడు అనుకున్నాను. మనసారా నవ్వాను.

"అంతా మామూలేనండి. కొత్తగా ఏమీ మార్చను. ముందున్న సార్‌కి ఎలా జరిగిందో నాకూ అలాగే" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు చేతులెత్తి దండం పెట్టాడు. పళ్లు వద్దని పంపించేస్తే, "అబ్బే, అర్థమైందమ్మా, అర్థమైంది" అంటూ వెళ్లిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అని సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

సీజన్ మొదలైంది. నేను ఎక్కడికి వెళ్లినా నవ్వుముఖాలే. కాటా మీద మా రాళ్లు పెడితే గ్రాము తేడా లేకుండా తూగేవి. రైతులు మాత్రం నన్ను చూడగానే మాటలు ఆపేసేవారు. ఆడ ఆఫీసరని మొహమాటపడుతున్నారు అనుకున్నాను. చూశారా, నాకు నేనే ఎంత చక్కగా సర్దిచెప్పుకునేదాన్నో!

ఇంకో విచిత్రం, బాబాయ్ మూగనోము పట్టాడు. మొదటి వారం రోడ్డంతా కబుర్లు చెప్పినవాడు, తర్వాత జీపులో కిటికీవైపు తిరిగి కూర్చునేవాడు. టీ తాగుదామంటే "నాకొద్దులెండి, మీరు తాగండి" అనేవాడు. రాళ్లు నేల అదిరేలా దించేవాడు. ఏమైంది బాబాయ్ అంటే, "మాదేముంది మేడం, మోసే బతుకులు" అని పుల్లవిరుపుగా అనేవాడు. మోకాళ్ల నొప్పి కాబోలని ఒక తైలం సీసా కొనిచ్చాను. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "ఇంతేనా?" అన్నాడు. పెద్ద సీసా తేవాల్సిందేమో అనుకున్నాను!

ఆ చలికాలం చివర్లో ఒకరోజు ఒకామె ఆఫీసుకు వచ్చింది. కౌలు రైతు. చీర చెంగుకు పత్తిపోగులు అంటుకుని ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నువ్వేనా కాటా మేడంవి?" అంది.

"నేనేనమ్మా. చెప్పండి."

"నీకు చెప్పేదేంది? నీకు తెలవందేముంది? ఏటా ఇయే మూటలు, ఇయే చేతులతో తొక్కి కట్టేది. ఈసారి మొదటి తీత పత్తి తూగలా. మళ్లీ వేయమంటే ఆ యాపారుల పెద్ద ఉన్నాడే, ఆడు నవ్వతన్నాడు. ఎక్కడికి పోతావో పో, కాటా మేడం కూడా మా మామూల్లోనే ఉంది అన్నాడు. నీకు మామూలు ముడతంది గదా, ఇంక మా గోల నీకెందుకులే. మొకం చూసి పోదామని వచ్చా."

"ఏం మామూలమ్మా? నాకెవరు ఇచ్చారు?"

"ఓయమ్మో! ఊరూరా తెలుసు. వచ్చినరోజే నువ్వు నోటితో అడిగావంట గదా, పాత సారుకిచ్చినట్టే నాకూ ఇవ్వమని!"

తల కొట్టేసినట్టయింది. పళ్ల బుట్ట, వెలిగిన ముఖం, "అర్థమైందమ్మా", అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నేనన్న ఒక్కొక్క మాటా తిరగేసి చూసుకున్నాను. ఒక్కటి కూడా పనికిరాలేదు. లంచం అడగాలని వారం రోజులు కూర్చుని రాసుకున్నా అంత శుభ్రంగా అడగలేకపోయేదాన్ని. సిగ్గుతో ఏడుపొచ్చింది, ఒళ్లు మండిపోయింది కూడా. ఆమె ముందే కళ్లు తుడుచుకున్నాను.

ఆమె కాస్త తగ్గింది. రెండో తీత పత్తి ఇంకా ఇంట్లోనే ఉందని చెప్పింది. అదన్నా సరిగ్గా తూగితే కౌలు కట్టి చేను నిలబెట్టుకుంటుంది. లేకపోతే ఆసామి ఆ చేను వచ్చే ఏడు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అప్పుడే ఎవరో వచ్చి చేను చూసి వెళ్లారట. "ఆ నేలని మనిషిని చేసింది నేనమ్మా. రాళ్లేరి, రాళ్లేరి నా గోళ్లు పోయినయ్యి" అంది.

"ఆ పత్తి తీసుకుని ఎల్లుండి అతని దగ్గరికే రా" అన్నాను.

"ఎందుకు? మళ్లీ మునగటానికా?"

"నన్ను నమ్మి రా."

"నిన్ను నమ్మి రాను" అంది మొహం మీదే. "ఇంకెవరూ లేరు గాబట్టి వస్తా."

ఇన్నేళ్ల సర్వీసులో నా మీద ఎవరైనా అంతకంటే గట్టి నమ్మకం పెట్టుకున్నారని నేను అనుకోను.

రిమోట్ కాటాల గురించి అప్పటికే మా శాఖలో చెప్పుకుంటున్నాం. కాటా పెట్టె లోపల గోరంత ముక్క ఒకటి బిగిస్తారు. జేబులో మీట నొక్కితే తూకం పడిపోతుంది, మళ్లీ నొక్కితే సర్దుకుంటుంది. మా జీపు చప్పుడు వినపడగానే నొక్కేస్తే మాకు దొరికేదేమిటి? అన్ని రోజులూ కాటాలు గ్రాము తేడా లేకుండా తూగింది అందుకే. నేను రాళ్లు పెట్టి పరీక్షించడం వాళ్లకు నాటకం, నాకు నిజం.

రెండు రాత్రులు ఆలోచిస్తే నాకొకటి తోచింది. వాళ్ల లెక్కలో నేను వాళ్ల మనిషిని. నా పరువు ఎలాగూ పోయింది, ఆ పేరు ఒక్కపూటకు వాడుకుంటే తప్పేమిటి?

ఆరోజు పొద్దున బాబాయ్‌తో, "రాళ్లు జీపులోనే ఉంచు. నేను పిలిస్తేగాని దించొద్దు" అన్నాను. ఎందుకని అడగలేదు. అడిగేంత మాటలే మా మధ్య మిగల్లేదు. నాకూ అతని మీద అనుమానం పుట్టింది. ఊరంతా తెలిసిన సంగతి ఈయనకు తెలియదా? ఈయన కూడా వాళ్లలో ఒకడేనా? అడగడానికి నోరు రాలేదు.

"రండి రండి మేడం!" అంటూ పెద్దమనిషి తన పత్తి షెడ్డు గేటు దాకా ఎదురొచ్చాడు. "ఏంటి ఇలా వచ్చారు, మామూలుగానేనా?"

"మామూలేనండి" అన్నాను. ఈసారి అర్థం తెలిసే అన్నాను.

కుర్చీ వేయించారు. బాదంపాలు తెప్పించారు, షుగరని పక్కన పెట్టాను. షెడ్డు నిండా పత్తి, దుమ్ము. మెకానిక్ కాటా పక్కనే నిలబడి ఉన్నాడు, కుడిచెయ్యి ప్యాంటు జేబులో. నన్ను చూసి నవ్వాడు తప్ప చెయ్యి బయటికి తీయలేదు.

కాసేపటికి ఆమె ఆటోలో మూటలతో వచ్చింది. నేను కుర్చీలో దర్జాగా కూర్చుని ఉండటం చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మూటలు దింపించింది. ఒక్కొక్కటే కాటా ఎక్కుతోంది. తూకం పైకి చదువుతున్నారు. ప్రతిదానికీ ఆమె కళ్లు మూసుకుంటోంది.

చివరి మూట దిగింది. నేను లేచి, "బాబాయ్, రాళ్లు తీసుకురా" అన్నాను.

పెద్దమనిషి "ఇప్పుడెందుకమ్మా ఆ శ్రమ, నెలాఖరుకు చూసుకుందాం" అన్నాడు. మెకానిక్ భుజం కదిలింది. నేను వాడికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

"ఏమయ్యా, బాబాయ్‌కి మోకాళ్లు బాగాలేవు. అలా చూస్తూ నిలబడతావేం, సాయం పట్టు. రెండు చేతులా పట్టుకో, ఇనుము, కాలి మీద పడుతుంది!"

వయసులో పెద్దావిడ, పైగా మేడం, అంతమందిలో సాయం పట్టమంటే కాదనలేడు కదా. జేబులోంచి చెయ్యి తీసి రాయి అందుకున్నాడు. అందుకున్నాకగాని వాడికి వెలగలేదు. రెండు చేతుల్లో ఇరవై కిలోలు, మీట జేబులో. రాయి దించి మీట నొక్కుదామంటే నేల మీద వాడి కాళ్ల పక్కన నా కాళ్లు. "కాటా మీద పెట్టు నాయనా" అన్నాను. పెట్టాడు.

ఇరవై అని రాయి మీద అచ్చుపోసి ఉంది. కాటా మాత్రం పదిహేడు చిల్లర చూపించింది.

హమాలీలు దగ్గరికి వచ్చి వంగి చూశారు. మెకానిక్ చెయ్యి జేబువైపు వెళ్లింది. వెళ్లేలోపలే బాబాయ్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. సీజనంతా మూగనోము పట్టిన మనిషి అప్పుడు నోరు విప్పాడు.

"చెయ్యి బయటే ఉంచరా అబ్బాయ్. బయటుంటే ఏమన్నా జలుబు చేస్తదా?"

అలా అని నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, పెద్ద ఆశ్చర్యం ఉంది. ఎందుకో అప్పటికి అర్థం కాలేదు.

పెద్దమనిషి మొదట నా చెవి దగ్గరికి వచ్చి, "మామూలు పెంచుదాం మేడం, అంతేగా? దీనికింత ఎందుకు?" అన్నాడు. నేను పంచనామా రాయడం మొదలుపెట్టాక కండువా దులిపి అందరికీ వినపడేలా అరిచాడు. "సీజనంతా మింగింది చాలలేదా? ఇంకా కావాలని మా మీద పడతావా? నీ ఉద్యోగం ఎలా ఉంటదో చూస్తా!"

చూశాడు కూడా. ఆ సాయంత్రమే ఒక నాయకుడి ఇంటి నుంచి ఫోన్. "మేడం గారు, చిన్న విషయం, మాట్లాడి సర్దేసుకోండి" అని తియ్యగా చెప్పారు. సర్దుకోకపోయేసరికి నా మీద ఫిర్యాదు వెళ్లింది. సీజనంతా లంచాలు తీసుకుని, ఎక్కువ ఇవ్వనందుకు కక్షగట్టి కేసు పెట్టానని దాని సారాంశం. పదిమంది వ్యాపారుల సంతకాలు. నేను తప్పుచేశానని తేలితే నా ఉద్యోగమే కాదు, ఆ కాటా కేసు కూడా పోతుంది. కేసు పోతే ఆమె పత్తికి ఇరవైకి పదిహేడు చిల్లర లెక్కే ఖాయమవుతుంది.

విచారణకు మా పై అధికారి వచ్చాడు. మంచివాడే, కానీ కాగితం మనిషి. నన్ను ఒకే ప్రశ్న అడిగాడు.

"ముందున్న సార్‌కి ఎలా జరిగిందో మీకూ అలాగే జరగాలని మీరన్నారా?"

"అన్నాను సార్."

"అంతా మామూలే అన్నారా?"

"అన్నాను సార్. కానీ నా ఉద్దేశం..."

ఆయన తల పట్టుకున్నాడు. "ఉద్దేశాన్ని నేనెలా తూచనమ్మా?" అన్నాడు. తీసుకోలేదని రుజువు చూపించడం ఎలా? తీసుకున్నదానికైతే గుర్తులుంటాయి.

అప్పుడు బాబాయ్‌ని పిలిచారు. లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం గారు ఆ మాట అన్నప్పుడు నువ్వున్నావా?"

"ఉన్నానండి."

"ఏమని అర్థమైంది నీకు?"

"నాకేంటండి, అందరికీ అర్థమైనట్టే అర్థమైంది. లంచం అడిగిందనే అనుకున్నా."

ఫిర్యాదీగా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కండువా సర్దుకున్నాడు.

"కానీ ఆవిడ తీసుకోలా సార్" అన్నాడు బాబాయ్.

"నీకెలా తెలుసు?"

బాబాయ్ తల దించుకున్నాడు. ఏదైతే అదవుతుందని తెగించినవాడిలా మళ్లీ తలెత్తాడు.

"నా వాటా నాకు రాలేదు కాబట్టి తెలుసండి. పాత సార్ ఉన్నప్పుడు రాళ్లు మోసేవాడికి ఇంత అని ఆ మెకానిక్ చేతుల మీదుగా వచ్చేది. ఈవిడ ఒప్పుకున్నాక నాకూ వస్తదని చూశా. రాలా. మొత్తం ఆవిడే మింగుతోందని సీజనంతా ఆవిడతో మాట్లాడటం మానేశా. టీ కూడా తాగలా. పాపం, నా మోకాళ్లకి తైలం కొనిచ్చింది సార్, అదే నా వాటా కాబోలని తిట్టుకున్నా. ఆ రోజు రాయి కాటా ఎక్కించమన్నప్పుడు తెలిసింది, ఈ మనిషికి అసలు మామూలంటేనే తెలవదని. డబ్బంతా ఎక్కడుందో ఆ మెకానిక్‌ని అడగండి."

ముందుగా మా అధికారే నవ్వాడు, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. మెకానిక్‌ని పిలిచి అడిగితే, "మేడం అడిగితే ఇద్దామని నా దగ్గరే ఉంచానండి, ఆవిడ అడగలేదే!" అన్నాడు. అంత మర్యాదగా సమాధానం చెప్పిన దొంగను నేను మళ్లీ చూడలేదు.

నా మీద ఫిర్యాదు కొట్టేశారు. కాటా కేసు నిలబడింది. ఆమె మూటలన్నీ మా రాళ్లు సాక్షిగా మళ్లీ తూచి, తూగినంతకూ డబ్బు కట్టించాం. చేను ఆమెకే ఉంది. అందరికీ న్యాయం జరిగిందని మాత్రం రాయను. మొదటి తీతలో మునిగినవాళ్లలో చాలామందికి పైసా తిరిగి రాలేదు. పెద్దమనిషి మరుసటి ఏడు బావమరిది పేరున మళ్లీ కాటా పెట్టాడు.

బాబాయ్ చెప్పింది కూడా కాగితం మీదికెక్కింది. వాటా తీసుకునేవాడినని తన నోటితోనే ఒప్పుకున్నాడు కదా, ఇంక్రిమెంటు ఆపేశారు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తీసుకున్నవాడు ఊరుకుంటే బాగుపడేవాడు, పైసా తీసుకోని నా కోసం నోరు విప్పాడు. ఎందుకు చెప్పావు బాబాయ్ అని అడిగితే, "ఏం చేయను మేడం, మిమ్మల్ని అన్నాళ్లు ఉత్తినే తిట్టుకున్నా. అది లోపల పట్టి పీడించింది" అన్నాడు. దేవుడికి నేను ఎన్ని దండాలు పెట్టానో గాని, ఆ మనిషి మాత్రం ఒక్కటీ పెట్టనివ్వలేదు.

వేసవి మొదట్లో ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చింది, సంచి నిండా పండుమిరపకాయలతో. ఆ చేలోనే గట్టు వెంట వేసినవట. వద్దన్నాను. "నా చేతివి తినవా? అప్పుడు లంచం తిన్నావనుకున్నా, ఇప్పుడు పెడితే తిననంటావు, ఏం మనిషివమ్మా!" అని గయ్‌మంది. చివరికి మా ఆఫీసు కాటా మీదే తూచి, మార్కెట్ ధర ఇచ్చి తీసుకున్నాను. తిట్టుకుంటూనే డబ్బు చెంగున ముడేసుకుంది. బాబాయ్ ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"మేడం, ఈసారన్నా నా వాటా నాకిచ్చేది ఉందా?" అన్నాడు.

ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. ఆ కాయలతో పచ్చడి పట్టి సగం ఆయనకిచ్చాను. ఆ ఏడు నుంచి అది ఆనవాయితీ అయింది. ఆయన రిటైరయ్యాడు, తర్వాత నేనూ అయ్యాను. ఎక్కడున్నా వేసవి వస్తే కాయలు ఆమె దగ్గరే కొంటాను, పచ్చడి పడతాను, జాడీ తీసుకుని పొన్నూరు వెళతాను.

మొన్నా వెళ్లాను. బాబాయ్ ఇప్పుడు మంచం దిగడం లేదు, కారం డాక్టర్ వద్దన్నాడట. జాడీ చేతిలో పెట్టాను. ఒకప్పుడు ఇరవై కిలోల రాయిని ఒంటి చేత్తో ఎత్తినవాడు, రెండు చేతులా పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు. కళ్లు చికిలించి నావైపు చూశాడు.

"పోయినేడు కంటే తక్కువుంది మేడం" అన్నాడు. "మిగతాది ఎవరికి ముట్టింది?"